తల్లి ఎలుగు చలికాలపు నిద్ర

డిసెంబరు నెలలో స్వోర్డ్స్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటితేగాని సూర్యుడు కనిపించడు. సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది. బడికి బయలుదేరేటప్పుడు చీకటి. ఇంటికి వచ్చి పలహారం తిని లేచేసరికి మళ్ళీ చీకటి. అటువంటి రోజుల్లో దుప్పటి ముసుగుతన్ని పడుకొని, ఎండలు వచ్చాక లేస్తే ఎంత బాగుండును అని మీకు అనిపించే ఉంటుంది. కాని మనకు అది సాధ్యం కాదు. ఒక్క పూట తిండి ఆలస్యమైతేనే కడుపులో ఎలుకలు పరుగెత్తుతాయి.

ఆ పని చేయగల పెద్ద జంతువు ఒకటి ఉన్నది. అది ఎలుగుబంటి. బాగా చలిగల దేశాల్లో ఉండే గోధుమరంగు ఎలుగుబంటి ఐదారు నెలలపాటు తిండీ నీళ్ళూ ముట్టకుండా పడుకుంటుంది. తల్లి ఎలుగు అంతకన్నా కష్టమైన పని చేస్తుంది. ఆ పస్తుల నడుమనే పిల్లలను కంటుంది. తాను తినకుండా వాటికి పాలిచ్చి పెంచుతుంది. చీకటి బిలంలో, మంచు కింద జరిగే ఈ సంగతి మనుషులకు ఎలా తెలిసింది? తెలుసుకోబోయినవారు ఆ తల్లికి ఎంత దూరంలో నిలబడ్డారు? ఈ పాఠంలో ఆ రెండు విషయాలు తెలుసుకుందాం.

ఐర్లండులో ఎలుగు పడకలు

మనం ఉంటున్న ఈ దేశంలో కూడా ఒకప్పుడు ఎలుగుబంట్లు ఉండేవి. ఐర్లండుకు పడమటి దిక్కున క్లేర్ కౌంటీలో బరెన్ అనే ప్రాంతం ఉన్నది. అదంతా సున్నపురాతి నేల. 1940లో జాక్ మెక్‌గాన్ అనే రైతు తన కుక్క వెంట పోతూ అక్కడ ఒక గుహను చూశాడు. ఆ సంగతి ముప్పై ఏళ్ళకు పైగా తనలోనే ఉంచుకొని, 1973లో గుహలను శోధించేవారికి చెప్పాడు. అదే ఐల్‌వీ గుహ. 1976 నుండి ప్రజలు దానిని చూడడానికి వీలు కలిగింది.

ఆ గుహలో ఎలుగుబంటి ఎముకలు దొరికాయి. నేలమీద గుండ్రని గుంటలు కూడా కనిపించాయి. ఎలుగులు చలికాలంలో పడుకోవడానికి మట్టిని గోకి చేసుకున్న పడకలే ఆ గుంటలు అని గుహను చూపించేవారు వివరిస్తారు. ఎలుగు పోయింది, పడక మిగిలింది.

ఐర్లండు అడవుల్లో ఇప్పుడు ఎలుగులు లేవు. అందువల్ల ఆ పడకలో ఎలుగు ఎలా నిద్రించేదో తెలుసుకోవాలంటే, ఎలుగులు ఇంకా బతికి ఉన్న దేశాలకు పోవాలి. శాస్త్రజ్ఞులు అలాస్కాలోనూ, స్వీడన్‌లోనూ ఈ పరిశోధనలు చేశారు.

ఇది ఎటువంటి నిద్ర?

వేసవి చివర, ఆకురాలు కాలంలో ఎలుగు ఆబగా తింటుంది. స్వీడన్ అడవుల్లో చిన్న చిన్న బెర్రీ పండ్లు దాని ముఖ్యమైన ఆహారం. తిన్నదంతా చర్మం కింద దళసరి కొవ్వుగా పేరుకుంటుంది. ఆ కొవ్వే దాని గాదె. మన రైతు పంట ఇంటికి చేర్చుకొని ఏడాదంతా తిన్నట్లు, ఎలుగు ఆ కొవ్వును కరిగించుకుంటూ చలికాలం గడుపుతుంది.

మంచు పడేముందు ఎలుగు నెలవు చూసుకుంటుంది. కొన్ని రాతి గుహల్లో చేరతాయి. కొన్ని చెట్ల వేళ్ళ కింద బిలం తవ్వుకుంటాయి. స్వీడన్ ఎలుగులు పాత చీమల పుట్టలను తొలిచి లోపల గది చేసుకోవడం సర్వసాధారణం. గడ్డి, నాచు, కొమ్మలు పరచి మెత్తని పక్క సిద్ధం చేసుకుంటాయి.

ఈ నిద్రను శీతకాలపు సుప్తావస్థ అంటారు. మన పెరటి కంచెల్లో తిరిగే హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జంతువు కూడా చలికాలంలో ఇలాగే నిద్రపోతుంది. అయితే దాని శరీరం చుట్టూ ఉన్న గాలితోపాటే చల్లబడిపోతుంది. ఎలుగు విషయం వేరు. ఈ తేడాను అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన ఓయివిండ్ టోయెన్, ఆయన సహచరులు 2011లో ప్రకటించిన పరిశోధన స్పష్టంగా చూపింది. వారు ఐదు నల్ల ఎలుగులకు అడవిలో, మనుషుల సందడికి దూరంగా కొయ్యపెట్టెలతో బిలాలు ఏర్పాటు చేశారు. చీకటిలో చూడగల కెమెరాలు అమర్చారు. ఎలుగు పీల్చే ప్రాణవాయువును కొలిచారు. శరీరపు వేడిని రేడియో ద్వారా తెలుసుకున్నారు.

వారు కనుగొన్నది ఇది: ఎలుగు శరీరపు వేడి 30 నుండి 36 సెంటీగ్రేడు డిగ్రీల మధ్యనే ఉన్నది. అంటే కొద్దిగా మాత్రమే తగ్గింది. కాని శరీరం లోపలి పని మామూలులో నాలుగోవంతుకు పడిపోయింది. నిమిషానికి 55 సార్లు కొట్టుకునే గుండె 14 సార్లకు దిగింది. పొయ్యి ఆర్పకుండా, మంట మాత్రం బాగా తగ్గించి, సెగ నిలిపి ఉంచినట్లన్నమాట. అందువల్ల ఆపద వస్తే ఎలుగు త్వరగానే మేలుకోగలదు. నిద్రపోతున్నది కదా అని దగ్గరకు పోవడం ప్రమాదం.

మరి నీళ్ళు లేకుండా ఎలా బతుకుతుంది? కొవ్వు కరిగేటప్పుడు కొంత నీరు పుడుతుంది. అదే దానికి చాలుతుంది. ఆ నెలల్లో అది మూత్రం విసర్జించదు. మనకైతే మూత్రంలో పోయే యూరియా అనే పదార్థాన్ని ఎలుగు శరీరం తిరిగి మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. అందుకే అన్ని నెలలు కదలకుండా పడుకున్నా దాని కండరాలు పెద్దగా చిక్కిపోవు.

తల్లి లెక్క

ఇప్పుడు తల్లి సంగతి చూద్దాం. ఎలుగులు వేసవి మొదట్లో జతకడతాయి. అయితే గర్భంలోని పిండం వెంటనే పెరగదు. చిన్న విత్తనంలాగా నెలల తరబడి అలాగే ఆగి ఉంటుంది. తల్లి చలికాలపు నెలవు చేరిన తరువాతే అది గర్భసంచి గోడకు అంటుకొని పెరగడం మొదలుపెడుతుంది. ఆ సంవత్సరం పండ్లు సరిగా కాయక, తల్లి ఒంట్లో కొవ్వు చాలకపోతే, పిండం నిలవదు. గాదె చూసుకొని విందుకు పిలిచే ఇల్లాలి వంటిదే ఆ తల్లి శరీరం.

కూనలు పుట్టినప్పుడు ఒక్కొక్కటి సుమారు అర కిలో బరువు ఉంటుంది. తల్లి బరువు నూరు కిలోల ప్రాంతం. కళ్ళు తెరిచి ఉండవు. ఒంటిమీద బొచ్చు కూడా సరిగా ఉండదు. బయట నీళ్ళు గడ్డకట్టే చలి. కూనలకు తల్లి కడుపు వెచ్చదనమే ఇల్లు, తల్లి పాలే ఆహారం. ఆవుపాలలో కొవ్వు నూటికి నాలుగు పాళ్ళ ప్రాంతంలో ఉంటే, ఎలుగు పాలలో ఇరవై పాళ్ళకు పైగా ఉంటుంది. తల్లి అప్పుడప్పుడు మేలుకొని కూనలను నాకుతుంది, పొట్టకు చేర్చుకుంటుంది. కూనలు మాత్రం సుప్తావస్థలోకి పోవు. పాలు తాగుతూ సన్నగా గుర్రుమని చప్పుడు చేస్తూ ఉంటాయి. వసంతకాలంలో బయటికి వచ్చేనాటికి అవి గంతులు వేసే బొద్దు పిల్లలవుతాయి. తల్లి మాత్రం బాగా చిక్కిపోతుంది.

బిలం తెరవకుండానే పుట్టినరోజు

కూనలు ఏ రోజున పుట్టాయో చెప్పడం ఎలా? బిలం తవ్వి చూస్తే తల్లి బెదిరిపోతుంది. స్వీడన్, నార్వే శాస్త్రజ్ఞులు 1984 నుండి కలిసి ఎలుగులను పరిశోధిస్తున్నారు. వారు దీనికి ఒక చక్కని ఉపాయం కనుగొన్నారు.

వసంతకాలంలో మత్తుసూది వేసి ఎలుగును కొద్దిసేపు పడుకోబెడతారు. మెడకు ఒక పట్టీ కడతారు. ఎలుగు కదిలినప్పుడల్లా ఆ పట్టీ నమోదు చేస్తుంది. శరీరంలో వేడిని కొలిచే చిన్న పరికరాన్ని అమర్చుతారు. తరువాత ఎలుగు తన దారిన పోతుంది. చలికాలమంతా దాని జోలికి ఎవరూ పోరు. పరికరం మాత్రం వేడిని రాసుకుంటూ ఉంటుంది.

ఆ లెక్కలు చూస్తే ఒక వింత బయటపడింది. కడుపుతో ఉన్న ఎలుగు, మిగతా ఎలుగుల వలె చల్లబడలేదు. పిండం పెరిగినన్నాళ్ళు శరీరాన్ని వెచ్చగానే ఉంచుకున్నది. కూనలు పుట్టగానే ఆ వేడి తగ్గింది. ఆ దిగిన రోజే పుట్టినరోజు! ఈ విధంగా లెక్కించి, స్వీడన్ ఎలుగులలో పిండం సగటున డిసెంబరు 1 ప్రాంతంలో పెరగడం మొదలవుతుందనీ, 56 రోజులకు, అంటే జనవరి 26 ప్రాంతంలో, కూనలు పుడతాయనీ 2014లో ప్రకటించారు. తల్లి నిద్ర చెడలేదు. మనకు విషయం తెలిసింది.

ఇంత జాగ్రత్త ఎందుకు అని మీరు అడగవచ్చు. అదే దేశాల పరిశోధకులు 1997లో మరొక లెక్క ప్రకటించారు. చలికాలం మధ్యలో కొన్ని ఎలుగులు నెలవు విడిచి వేరే చోటికి పోతాయి. అందుకు ఎక్కువసార్లు కారణం దగ్గరలో మనుషుల అలికిడే. కడుపుతో ఉన్న ఎలుగు అలా నెలవు మారితే, నూటికి అరవై తల్లులు కూనలను పోగొట్టుకున్నాయి. కదలకుండా ఉన్న తల్లులలో నూటికి ఆరు మాత్రమే పోగొట్టుకున్నాయి. అడవిలో సరదాగా మంచుమీద జారుతూ పోయేవారికి తాము ఏమీ చేయలేదనే అనిపిస్తుంది. కాని ఆ అలికిడి ఖరీదు ఒక కూన ప్రాణం కావచ్చు.

లిల్లీ కథ

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈలీ అనే ఊరు ఉన్నది. అక్కడ లిన్ రోజర్స్ అనే పరిశోధకుడు మరొక పద్ధతి పాటించాడు. ఆయన ఎలుగులకు మత్తు ఇవ్వలేదు. చేతితో మేత పెట్టి, మాట వినిపించి, వాటిని తనకు అలవాటు చేసుకున్నాడు. లిల్లీ అనే నల్ల ఎలుగు బిలంలో చిన్న కెమెరా అమర్చాడు. 2010 జనవరి 22న లిల్లీకి కూన పుట్టింది. ఇంటర్నెట్టు ద్వారా ఎన్నో దేశాలవారు ఇళ్ళలో కూర్చుండి ఆ కూన మొదటి కేకలు విన్నారు. దానికి హోప్ అని పేరు పెట్టారు. హోప్ అంటే ఆశ.

ఆ సంవత్సరం మే నెలలో లిల్లీ కూనను విడిచి దూరంగా పోయింది. పరిశోధకులు తల్లినీ కూననూ మళ్ళీ కలిపారు. అప్పుడు ఒక పెద్ద ప్రశ్న బయలుదేరింది. అడవిలో జరిగేదాన్ని చూసి ఊరుకోవాలా, చేయి పెట్టవచ్చునా? చూసే మనిషి చేయి పెడితే, ఆ తరువాత చూసేది అడవి ఎలుగునేనా?

మనిషికి అలవాటుపడిన ఎలుగు భయం మాని ఇళ్ళ దగ్గరకు వస్తుందనీ, అది మనిషికీ ఎలుగుకూ ప్రమాదమనీ ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖ అభిప్రాయపడింది. 2013లో రోజర్స్ అనుమతిని పొడిగించలేదు. నమ్మకంతో మెలిగితే ఎలుగు హాని చేయదని రోజర్స్ వాదించాడు. లిల్లీని చూసిన లక్షల మందికి ఎలుగులంటే భయం పోయి ప్రేమ కలిగిందన్న మాటా నిజమే. ఇరువైపులా ఆలోచించదగిన సంగతులు ఉన్నాయి. ఎవరి పక్షం వహించినా, దగ్గర కావడానికి కూడా ఒక ఖరీదు ఉన్నదన్న మాట మాత్రం మరువరాదు.

ఈ పరిశోధన మనకెందుకు?

జబ్బుచేసి మనిషి ఎక్కువకాలం మంచం పట్టితే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. నెలల తరబడి పడుకునే ఎలుగుకు ఇలా ఎందుకు జరగదు? స్వీడన్‌లోని 13 అడవి ఎలుగుల రక్తాన్ని చలికాలంలోనూ వేసవిలోనూ తీసి శాస్త్రజ్ఞులు పోల్చి చూశారు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక మాంసకృత్తు చలికాలంలో 55 రెట్లు తగ్గిందని 2023లో ప్రకటించారు. నడుము విరిగి ఏళ్ళ తరబడి మంచంలో ఉండే మనుషుల్లో కూడా ఆ పదార్థం తగ్గి ఉండడం వారు గమనించారు. ఈ దారిలో రేపు మంచి మందు దొరకవచ్చు. మంచులో పడుకున్న ఎలుగు, ఆసుపత్రిలో పడుకున్న తాతగారికి సాయం చేయవచ్చునన్నమాట.

మన తెలుగునాటి ఎలుగు

తెలుగుదేశపు ఎలుగు వేరు జాతిది. దానికి పొడవాటి నల్లని బొచ్చు, ఎదమీద తెల్లని గుర్తు ఉంటాయి. చెదలు, తేనె, ఇప్పపువ్వు, రేగుపండ్లు దాని ఆహారం. మన అడవుల్లో ఏడాదంతా ఏదో ఒకటి దొరుకుతుంది గనుక అది చలికాలపు నిద్ర పోదు. కాని పిల్లలను కనే వేళకు ఈ తల్లి కూడా రాతి గుహనో బిలాన్నో వెతుక్కుంటుంది. కొన్ని వారాలు కూనలను విడవకుండా ఉంటుంది. తరువాత వాటిని వీపుమీద ఎక్కించుకొని తిరుగుతుంది. వీపుమీద పిల్లలను మోసుకొని పోవడం ఈ జాతి ఎలుగుకు ప్రత్యేకమైన అలవాటు.

వినాయక చవితినాడు మీ ఇంట్లో శమంతకమణి కథ విని ఉంటారు. కృష్ణుడు గుహలోకి పోయేసరికి అక్కడ ఊయల, బిడ్డ, ఆ బిడ్డకు ఆటవస్తువుగా మణి. మణిమీద చేయి పడగానే జాంబవంతుడు వచ్చి కలబడ్డాడు. గుహలో బిడ్డ ఉన్నప్పుడు ఎలుగు ఊరుకోదని మన పెద్దలకు ఏనాడో తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడిమామిడి తోటలకు పోయేవారికి ఇది కథ కాదు. అక్కడ ఎలుగులు తోటల్లోకి వస్తాయి. మనుషులు గాయపడ్డారు, మరణించినవారూ ఉన్నారు. సెలవులకు ఊరికి పోయినప్పుడు గుట్టల్లోని బిలాల్లోకి తొంగిచూడరాదు. పెద్దలు ఆ మాట ఊరికే చెప్పరు.

మోకాలి చిప్ప చెప్పిన కథ

మళ్ళీ ఐర్లండుకు వద్దాం. క్లేర్ కౌంటీలోనే ఎనిస్ పట్టణం దగ్గర ఆలిస్, గ్వెండొలిన్ గుహ ఉన్నది. 1903లో అక్కడ తవ్వినప్పుడు వేల ఎముకలు దొరికాయి. వాటిలో ఒక ఎలుగు మోకాలి చిప్ప ఉన్నది. దానిమీద కత్తిగాట్లు ఉన్నాయి. 1920ల నుండి ఆ ఎముక నేషనల్ మ్యూజియంలో ఒక అట్టపెట్టెలో పడి ఉన్నది. మేరియన్ డౌడ్, రూత్ కార్డెన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని వయసు పరీక్ష చేయించి, 2016లో ఫలితం ప్రకటించారు. ఆ ఎలుగు సుమారు 12,500 ఏళ్ళ క్రితానిది. ఎముక పచ్చిగా ఉన్నప్పుడే రాతి పనిముట్టుతో ఎవరో కోశారు. ఐర్లండుకు మనిషి వచ్చి సుమారు 10,000 ఏళ్ళే అయిందని అంతవరకు అనుకునేవారు. ఒక్క ఎముకతో ఆ చరిత్ర 2,500 ఏళ్ళు వెనక్కి జరిగింది.

ఆలోచించండి. ఈ దేశంలో మనిషి విడిచిన అతి పాత గుర్తులలో ఒకటి ఎలుగు ఎముకమీద ఉన్నది. ఆ తరువాత వేల ఏళ్ళు మనిషీ ఎలుగూ ఇక్కడ కలిసి బతికారు. సుమారు మూడువేల ఏళ్ళ క్రితం ఐర్లండులో ఎలుగులు అంతరించాయి. అడవులు తరగడం, వేట ఇందుకు కారణాలని భావిస్తున్నారు. ఇప్పుడు ఎలుగు పేరు మనుషుల పేర్లలో నిలిచి ఉన్నది. ఎలుగుకు పాత ఐరిష్ మాట ‘మహూన్’. మీ తరగతిలో మెక్‌మాన్ అనే ఇంటిపేరు గలవారు ఉంటే, ఆ పేరుకు ‘ఎలుగు కొడుకు’ అని అర్థం చెప్పండి. వారు సంతోషిస్తారు.

స్వీడన్‌లోని పిల్లలు, తమ అడవిలో మంచు కింద ఒక తల్లి కూనలకు పాలిస్తున్నదని చలికాలంలో చెప్పుకోగలరు. మనం ఐల్‌వీ గుహలోని ఖాళీ పడకను మాత్రమే చూడగలం. ఉన్నదాన్ని దూరం నుండి, ఓర్పుతో, చప్పుడు చేయకుండా గమనించడం నేర్చుకుంటే అది నిలుస్తుంది. అది పోయిన తరువాత ఎంత గొప్ప కెమెరా పెట్టినా కనిపించేది గుంట మాత్రమే.

కొత్త మాటలు

సుప్తావస్థ: శరీరపు పని బాగా తగ్గి, నిద్రలో ఉన్నట్లుండే స్థితి
నెలవు: ఉండే చోటు
గాదె: ధాన్యం నిలవచేసే చోటు
కూన: జంతువు పిల్ల
అలికిడి: మనిషో జంతువో కదిలినప్పుడు కలిగే చిన్న చప్పుడు

ప్రశ్నలు

1. ఎలుగు నిద్రకూ హెడ్జ్‌హాగ్ నిద్రకూ గల తేడా ఏమిటి?
2. బిలం తెరవకుండా కూనలు పుట్టిన రోజును శాస్త్రజ్ఞులు ఎలా తెలుసుకున్నారు?
3. మన తెలుగునాటి ఎలుగు చలికాలపు నిద్ర ఎందుకు పోదు?
4. తల్లికి దూరమైన కూనను మనుషులు తిరిగి చేర్చడం మంచిదేనా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి. ఇంట్లో పెద్దల అభిప్రాయం కూడా అడిగి రాయండి.